పాత కారు పలకనంటోందా?

తాళం తిప్పగానే టక్కున అందుకునేది ఒకప్పుడు. ఇప్పుడేమో ఎంత బతిమాలినా ఉలకదు, పలకదు. బ్యాటరీ అంటారొకరు. ప్లగ్గులంటారు ఇంకొకరు. ‘ఇంకెందుకండీ, అమ్మేయండి’ అంటారు మరొకరు. నిజానికి జబ్బేమిటో ఆ కారే చెబుతుంది. వినే ఓపిక మనకుండాలంతే!

ఆదివారం పొద్దున్నే ఏడు గంటలు. బంధువులింట్లో గృహప్రవేశం. అమ్మ పట్టుచీర కట్టుకుని, పూలూ పళ్లూ ఉన్న సంచీ ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. నాన్న చోక్ లాగి తాళం తిప్పారు. కుర్ర్... కుర్ర్... కుర్ర్... నాలుగోసారికి చిన్నగా దగ్గింది. మళ్లీ నిశ్శబ్దం. ఐదోసారి... ఆరోసారి... ఎదురింటి కుర్రాళ్లు ‘మాస్టారూ, నెట్టమంటారా’ అంటూ అప్పటికే గేటు దగ్గరకొచ్చేశారు. వీధి చివరిదాకా నెట్టాక పొగ కక్కుతూ అందుకుంది.

విజయవాడలో మా ఇంట్లో ఆర్నెల్లపాటు ప్రతి ఆదివారం ఇదే తంతు. కారు 1997 నాటి మారుతీ 800. బళ్లో పాఠాలు చెప్పే నాన్న పీఎఫ్ లోను పెట్టి కొన్నది. మా చదువులూ, అక్క పెళ్లీ, తాతయ్యను ఆస్పత్రికి తీసుకెళ్లడం... అన్నీ దాని మీదే. రిటైరయ్యాక వారానికోసారి బయటికి తీస్తున్నారు.

స్టార్టింగ్ ట్రబుల్ అనగానే ముందు కొత్త బ్యాటరీ వేయించారు. తగ్గలేదు. సెల్ఫ్ మోటారు విప్పించి కార్బన్లూ బుష్‌లూ మార్పించారు. సెల్ఫ్ ఇంకా గట్టిగా తిరిగింది తప్ప ఇంజిన్ అందుకోలేదు. మూడు ప్లగ్గులు కొత్తవి వేశారు. కార్బొరేటర్ కడిగించారు. ఏసీ పంపు మార్చారు. అమ్మ జమాఖర్చుల పుస్తకంలో ‘కారు’ పద్దు కింద లెక్క తొమ్మిదివేల నాలుగొందలకు చేరింది. ‘ఇక తుక్కుకి ఇచ్చేద్దాం నాన్నా’ అని తమ్ముడు గట్టిగానే అన్నాడు. నాన్న మాట్లాడలేదు. ఆ సాయంత్రం కవరు కప్పడానికి వెళ్లి చాలాసేపు లోపలికి రాలేదు.

ఆ దశలో ఎవరో చెబితే ఆటోనగర్‌లో ఓ పెద్దవయసు మేస్త్రీని పిలిపించారు. ఆయన బానెట్ ఎత్తలేదు. స్పానర్ పట్టలేదు. అరుగు మీద కూర్చుని ఒక్కటే అడిగారు... ‘మాస్టారూ, ఏ పూట మొరాయిస్తోంది?’

అంతకుముందు వచ్చిన నలుగురిలో ఒక్కరూ అడగని ప్రశ్న అది!

పుస్తకం చెప్పిన గుట్టు

నాన్నకు వెంటనే జవాబు తోచలేదు. అమ్మ లోపలికెళ్లి జమాఖర్చుల పుస్తకం తెచ్చింది. పెట్రోలు ఎప్పుడు పోయించిందీ, కారు ఎప్పుడు బయటికెళ్లిందీ అన్నీ అందులో ఉన్నాయి. కూర్చుని చూస్తే తెలిసింది... పెళ్లిళ్ల రోజుల్లో కారు రోజూ తిరిగిన వారమంతా ఏ గొడవా లేదు. వారం పదిరోజులు కదలకుండా ఉన్నాకే పేచీ. ఒకసారి అందుకున్నాక ఆ రోజంతా ఎన్నిసార్లు ఆపి తీసినా టక్కున స్టార్టవుతోంది. పైగా ట్యాంకులో పెట్రోలు అడుగంటినప్పుడు మొరాయింపు ఎక్కువ. నిండుగా ఉన్నప్పుడు తక్కువ.

‘సెల్ఫ్ తిరుగుతోంది, ప్లగ్గులు కొడుతున్నాయి. పెట్రోలు పైకి రావడానికే టైము పడుతోంది. ఎక్కడో గాలి పీలుస్తోందమ్మా’ అన్నారు మేస్త్రీ. ఏసీ పంపు ముందున్న గొట్టం తీసి, ఆ స్థానంలో జానెడు పారదర్శకపు గొట్టం బిగించారు. ఇంజిన్ నడుస్తుంటే చూడమన్నారు. పెట్రోలుతోపాటు బుడగలు... ఒకదాని వెనక ఒకటి! కారు కింద దూరి వెతికితే ట్యాంకు దగ్గర ఇనుప గొట్టాన్ని కలిపే బెత్తెడు రబ్బరు పైపు దొరికింది. క్లిప్పు బిగించిన చోట సన్నటి పగుళ్లు. కారు ఆగినప్పుడు ఆ పగుళ్లలోంచి గాలి లోపలికి చేరుతోంది. గొట్టంలోని పెట్రోలు మెల్లగా వెనక్కి, ట్యాంకులోకి జారిపోతోంది. కొన్ని రోజులయ్యేసరికి కార్బొరేటర్‌లో మిగిలింది కాస్తా ఆవిరైపోతోంది. మళ్లీ తాళం తిప్పితే ఖాళీ గొట్టంలోంచి పెట్రోలు లాక్కొచ్చేదాకా సెల్ఫ్ కొట్టాల్సిందే. ట్యాంకులో మట్టం తగ్గితే ఇంకా లోతునుంచి లాగాలి కాబట్టి ఆ కష్టం మరింత.

మరి కింద ఒక్క చుక్కయినా కారలేదేం? అక్కడ పెట్రోలును నెట్టడం ఉండదు, పీల్చడమే. పగిలిన స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినట్టన్నమాట... నీళ్లు బయటికి రావు, గాలే లోపలికొస్తుంది. అందుకే కంటికి కనిపించలేదు. కొత్త రబ్బరు పైపూ రెండు క్లిప్పులూ కలిపి రెండొందలు కూడా కాలేదు!

అనుమానంతో సామాను మారిస్తే వేలు. గమనించి వెతికితే వందలు. పాత కార్లున్న చాలా ఇళ్లలో జరిగేది ఈ రెంటి మధ్య తేడానే.

అసలు నడక ఎలాగంటే...

పెట్రోలు ఇంజిన్ అందుకోవడానికి నాలుగే కావాలి. పెట్రోలు, గాలి, సమయానికి నిప్పురవ్వ, సిలిండర్లో తగినంత ఒత్తిడి. వీటిని తిప్పి మొదలుపెట్టేది సెల్ఫ్. ఏది లోపించినా బయటికి కనిపించేది ఒక్కటే... స్టార్ట్ కాకపోవడం. అందుకే తికమక.

మారుతీ 800 మొదటి కారు తాళాలు 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతులమీదుగా యజమానికి అందాయి. 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. 796 సీసీ, మూడు సిలిండర్ల చిన్న ఇంజిన్. 2000 ప్రాంతంలో ఎంపీఎఫ్ఐ వచ్చేదాకా అందులో ఉన్నది కార్బొరేటరే. పాత అంబాసిడర్లూ పద్మినీలూ అంతే. వీటిలో పెట్రోలు దారి సులువుగానే అర్థమవుతుంది. వెనక ట్యాంకు. అక్కణ్నుంచి గొట్టం. మధ్యలో ఫిల్టరు. ఇంజిన్ తిరుగుతుంటే దానితోపాటు పనిచేసే పంపు... మన మెకానిక్‌ల భాషలో ఏసీ పంపు. అది లాగి కార్బొరేటర్‌లోని చిన్న తొట్టిలోకి పంపుతుంది. తొట్టి నిండగానే అందులో తేలే ఫ్లోట్ పైకి లేచి, నీడిల్‌తో దారి మూసేస్తుంది. మన మేడమీది నీళ్లట్యాంకులో బంతి వాల్వు చేసే పనే అది. తొట్టిలోంచి సన్నటి జెట్ల ద్వారా పెట్రోలు గాలిలో కలిసి సిలిండర్లకు చేరుతుంది.

ఈ దారిలో ఎక్కడ ఆగినా, ఎక్కడ ఎక్కువైనా కారు మొరాయిస్తుంది. అయితే ఒక్కో జబ్బుకూ ఒక్కో వేళ!

ముందు చెవి... తర్వాతే చెయ్యి

తాళం తిప్పగానే వచ్చే శబ్దంతోనే సగం సంగతి తేలిపోతుంది. ‘టిక్’మని ఊరుకున్నా, సెల్ఫ్ నీరసంగా తిరిగినా పెట్రోలు జోలికి వెళ్లక్కర్లేదు. బ్యాటరీ, దాని టెర్మినళ్లు, బాడీకి బిగించిన ఎర్త్ వైరు చూసుకోవాలి. టెర్మినళ్ల మీద తెల్లగా పూత పట్టినా, వైరు వదులైనా కొత్త బ్యాటరీ కూడా పాతదానిలాగే ప్రవర్తిస్తుంది. రాత్రంతా కదలని కారులో బ్యాటరీ 12.6 వోల్టుల దరిదాపుల్లో ఉంటే నిండుగా ఉన్నట్టు. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతూ ఇంజిన్ అందుకోకపోతేనే అనుమానం పెట్రోలు మీదకో, నిప్పురవ్వ మీదకో మళ్లాలి. మా ఇంట్లో తొలి పొరపాటు ఇక్కడే జరిగింది. సెల్ఫ్ భేషుగ్గా తిరుగుతుంటే బ్యాటరీ మార్చారు!

పొద్దున పేచీ: రాత్రి చల్లబడ్డ ఇంజిన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. అందుకే గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచడానికి చోక్. ఏళ్లు గడిచేసరికి చోక్ తీగ సాగుతుంది. డాష్‌బోర్డు మీది నాబ్ పూర్తిగా లాగినా లోపలి రేకు సగమే మూసుకుంటుంది. ఎయిర్ క్లీనర్ మూత తీసి, ఇంజిన్ ఆపి ఉన్నప్పుడే ఒకరు నాబ్ లాగుతుంటే ఇంకొకరు చూస్తే చాలు, తెలిసిపోతుంది. కొందరికి ఇంకో అలవాటుంటుంది. చోక్ లాగి, ఇంజిన్ వేడెక్కాక కూడా లోపలికి నొక్కడం మరచిపోతారు. దాంతో మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు మసిబారతాయి. మర్నాడు మళ్లీ స్టార్టింగ్ ట్రబులే.

మధ్యాహ్నం పేచీ: చల్లగా ఉన్నప్పుడు బాగానే అందుకుంటుంది. ఎండలో తిరిగొచ్చి ఆపి, పది నిమిషాల తర్వాత తిప్పితే మాత్రం మొండికేస్తుంది. బెజవాడ మే నెల ఎండల్లో ఇది మామూలే. ఇంజిన్ ఆపగానే ఫ్యాను గాలీ, కొత్త పెట్రోలూ ఉండవు. వేడి మాత్రం అలాగే ఉంటుంది. గొట్టంలో, పంపులో పెట్రోలు మరిగి ఆవిరవుతుంది. ఆవిరిని పంపు లాగలేదు. పాత మెకానిక్‌లు ఏసీ పంపు మీద తడిగుడ్డ వేసేది ఇందుకే. అది చాదస్తం కాదు, పంపు చల్లబడితే ఆవిరి మళ్లీ ద్రవంగా మారుతుంది. అయితే అది ఆ పూటకు గండం గట్టెక్కించే ఉపాయమే. పంపుకీ ఇంజిన్‌కీ మధ్య వేడి తగలకుండా ఉంచే మందపాటి ముక్కను మరమ్మతులో ఎవరైనా తీసి పారేశారేమో, గొట్టం వేడి భాగాలకు ఆనుకుందేమో చూడాలి.

వాసనతో పేచీ: స్టార్ట్ కాదు సరే, గుప్పున పెట్రోలు వాసన. తక్కువై కాదు, ఎక్కువై వచ్చిన జబ్బిది. నీడిల్ అరిగినా, దాని కింద నలుసు ఇరుక్కున్నా తొట్టి పొంగి ఇంజిన్‌లోకి కారుతుంది. ‘ఓవర్‌ఫ్లో’ అంటారు. అప్పుడు పెడల్‌ని దడదడా తొక్కితే ఇంకా పెట్రోలు పోసినట్టే! చోక్ లోపలికి నొక్కేసి, పెడల్ అడుగుదాకా నొక్కి అలాగే ఉంచి, ఐదారు సెకన్లు సెల్ఫ్ కొట్టాలి. కాకపోతే అర నిమిషం ఆగి మళ్లీ. వాసనతోపాటు బయట ఎక్కడైనా పెట్రోలు తడి కనిపిస్తే మాత్రం తాళం జోలికే వెళ్లొద్దు.

దారిలో పేచీ: చక్కగా వెళ్తూ వెళ్తూ పికప్ తగ్గి, దగ్గి, ఆగిపోతుంది. కాసేపాగితే మళ్లీ నడుస్తుంది. ట్యాంకు అడుగున చేరిన తుప్పో, చెత్తో ఫిల్టరుకు అడ్డం పడి ఉండొచ్చు. పెట్రోలు ఖాళీ అవుతున్నకొద్దీ ట్యాంకులోకి గాలి వెళ్లే దారి మూసుకుపోయి ఉన్నా ఇంతే. ఆగినప్పుడు ట్యాంకు మూత తీయండి. ‘ఉస్స్’మని గాలి లోపలికి పీల్చుకుని, ఆ తర్వాత కారు మామూలుగా నడిస్తే దొంగ దొరికినట్టే.

రోజుల తరబడి ఆగాక పేచీ: మా ఇంటి కథ ఇదే. నెలల తరబడి ఆపేస్తే ఇంకో చిక్కు కూడా ఉంది. పెట్రోలులో తేలిగ్గా అంటుకునే భాగం ముందుగా ఆవిరవుతుంది. మిగిలింది జిగురులా మారి జెట్లను మూసేస్తుంది. అప్పుడు కార్బొరేటర్ విప్పి శుభ్రం చేయించక తప్పదు.

ప్లగ్గు చెప్పే సాక్ష్యం

ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా అందుకోకపోతే మెకానిక్‌తో ముందుగా ఓ ప్లగ్గు తీయించండి. తడిగా, పెట్రోలు వాసనతో ఉందా... పెట్రోలు వస్తోంది, నిప్పురవ్వయినా లేదు లేదా పెట్రోలే ఎక్కువైంది. పొడిగా ఉందా... పెట్రోలు అక్కడిదాకా రావడమే లేదు. పొడి మసి పట్టి నల్లగా ఉందా... కొంతకాలంగా పెట్రోలు పాలు ఎక్కువగా పోతోంది. లేత గోధుమరంగులో ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు.

ఇంకో పరీక్ష. ఇంజిన్ ఆపి, ఎయిర్ క్లీనర్ తీసి, కార్బొరేటర్ గొంతులోకి చూస్తూ పెడల్ తీగను లాగితే సన్నటి పెట్రోలు ధార చిమ్మాలి. చిమ్మితే తొట్టిలో పెట్రోలున్నట్టు. చిమ్మకపోతే చాలావరకు తొట్టి ఖాళీ. అక్కణ్నుంచి వెనక్కి... పంపు, ఫిల్టరు, గొట్టం, ట్యాంకు... వరసగా వెళ్లాలి.

ఇంజిన్ ఆయిల్ కూడా ఓ కంట కనిపెట్టాలి. డిప్‌స్టిక్ తీస్తే మట్టం పెరిగి, పెట్రోలు వాసనొస్తుంటే ఏసీ పంపులోని డయాఫ్రం చిరిగిందేమో చూడాలి. పెట్రోలు కలిసిన ఆయిల్‌తో బండి నడిపితే బేరింగులు పాడవుతాయి. అప్పుడు ఖర్చు వందల్లో ఉండదు.

పెట్రోలు కూడా మారింది

పాత కార్ల వాళ్లు ఈమధ్య తరచూ అడిగే ప్రశ్న ఇథనాల్ గురించి. దేశంలో పెట్రోలులో ఇథనాల్ వాటా 2022లో పది శాతానికి, 2025లో ఇరవై శాతానికి చేరింది. ఇథనాల్‌కు రెండు గుణాలున్నాయి. ఒకటి, తేమను పీల్చుకుంటుంది. కారు చాలాకాలం కదలకుండా ఉంటే ట్యాంకులో చేరిన తేమ తుప్పుకు దారితీయొచ్చు. రెండు, దాన్ని దృష్టిలో పెట్టుకోకుండా తయారుచేసిన పాత రబ్బరు పైపులనూ గ్యాస్కెట్లనూ క్రమేపీ దెబ్బతీయొచ్చు. పాత వాహనాల్లో కొన్ని రబ్బరు భాగాలు మార్చాల్సి రావచ్చని పెట్రోలియం మంత్రిత్వశాఖ కూడా 2025లో ఇచ్చిన వివరణలో చెప్పింది.

పైగా లీటరు పెట్రోలులో ఉన్నంత శక్తి లీటరు ఇథనాల్‌లో ఉండదు. దాదాపు మూడోవంతు తక్కువ. ఎంపీఎఫ్ఐ కారులో కంప్యూటరు కొంతవరకు సర్దుకుంటుంది. కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. ఇరవై ఏళ్ల కిందట బిగించిన జెట్టు అప్పటి లెక్కే వేస్తుంది. పొద్దున కాస్త ఎక్కువసేపు చోక్ కావాల్సి వస్తోందంటే ఇదీ ఓ కారణం కావచ్చు.

మా కారు పైపు ఇథనాల్ వల్ల పగిలిందా, వయసు మీదపడి పగిలిందా... చెప్పలేం. అసలు దాన్ని ఎప్పుడైనా మార్చారా అంటే నాన్నకే గుర్తులేదు. ఇరవై ఏళ్లు దాటిన కారుంటే చెడేదాకా ఆగకుండా ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా ఉన్న రబ్బరు పైపులన్నీ ఒకేసారి మార్పించడం మేలు. ఇథనాల్‌ను తట్టుకునే రకం కావాలని అడిగి తీసుకోండి. అదనంగా అయ్యే ఖర్చు స్వల్పమే.

ఎంపీఎఫ్ఐ అయితే...

2000 తర్వాతి కార్లు కూడా ఇప్పుడు పాతవే. వీటిలో పంపు కరెంటుతో పనిచేస్తుంది. చాలావరకు ట్యాంకులోనే ఉంటుంది. తాళం ‘ఆన్’ దాకా తిప్పి ఆపండి. వెనకసీటు వైపు నుంచి రెండు సెకన్లపాటు సన్నగా ‘జుయ్’మని వినిపిస్తుంది. వినిపించకపోతే ఫ్యూజు, రిలే, పంపు చూపించాలి. పొద్దున మాత్రమే ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తుంటే రాత్రి పూట గొట్టంలో ఒత్తిడి జారిపోతుందేమో చూడాలి. ఓ చిన్న పరీక్షతో తెలుస్తుంది. తాళం ఆన్ చేసి, పంపు శబ్దం ఆగాక ఆఫ్ చేసి... ఇలా రెండు మూడుసార్లు చేశాక స్టార్ట్ చేయండి. వెంటనే అందుకుంటే అనుమానం బలపడినట్టే. ఇలాంటి కార్లలో ఇంజిన్ ఆపినా గొట్టాల్లో ఒత్తిడి ఉంటుంది కాబట్టి ఇంట్లో విప్పే పని పెట్టుకోవద్దు. పెట్రోలు అడుగంటేదాకా నడపొద్దు. ఆ పంపును చల్లగా ఉంచేది ట్యాంకులోని పెట్రోలే.

ఈ పనులు వద్దు!

• కార్బొరేటర్ గొంతులో పెట్రోలు పోసి సెల్ఫ్ కొట్టడం రోడ్డు పక్క తరచూ చూస్తుంటాం. ఇంజిన్ ఎదురుకొడితే మంట పైకి ఎగసి ముఖానికి తగులుతుంది.

• నోటితో గొట్టం పీల్చి పెట్రోలు తీయొద్దు. గుటక పడినా, ఊపిరితిత్తుల్లోకి పోయినా ప్రాణం మీదకొస్తుంది.

• మూసిన షెడ్డులో, దీపమో సిగరెట్టో వెలుగుతున్న చోట పెట్రోలు గొట్టం విప్పొద్దు.

• సెల్ఫ్ ఆపకుండా కొట్టొద్దు. మోటారు కాలుతుంది, బ్యాటరీ దిగిపోతుంది.

మెకానిక్‌కు ఏం చెప్పాలి?

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు జ్వరం ఎప్పుడొస్తోందో రాసుకుంటాం కదా... ఇదీ అంతే. కారు ఎన్ని రోజులు ఆగాక మొరాయించింది? పొద్దునా, మధ్యాహ్నమా? సెల్ఫ్ చురుగ్గా తిరిగిందా? పెట్రోలు వాసన వచ్చిందా? ట్యాంకులో ఎంత ఉంది? ఎక్కడ, ఎప్పుడు పోయించారు? అందుకున్నాక బాగా నడిచిందా, మిస్సింగ్ వచ్చిందా? రెండు వారాలు రాసి ఆ కాగితం చేతికివ్వండి. ఒకసారికి ఒక్క సామానే మార్చమనండి. మార్చాక నాలుగు రోజులు చూడండి. ఒకేసారి నాలుగు మారిస్తే బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు, బాగవకపోతే నాలుగింటి డబ్బూ దండగ.

పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. మా 800కి ఆ గడువు మళ్లీ దగ్గరపడుతోంది. పొడిగించాలా, వదిలేయాలా అన్న చర్చ ఇంట్లో ఇంకా నడుస్తూనే ఉంది. తమ్ముడి మాటల్లోనూ న్యాయం ఉంది... కారుకు బ్రేకులూ, బాడీ కింది తుప్పూ చూడాలి, స్టార్టయితేనే సరిపోదు. తేల్చాల్సింది వాటిని చూసి. బెత్తెడు పైపును చూసి కాదు.

పైపు మార్చిన పదోరోజున, మధ్యలో ఒక్కసారీ కదపకుండా, నాన్న తాళం తిప్పారు. రెండో ‘కుర్ర్’కే అందుకుంది. ఎదురింటి కుర్రాళ్లు గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయారు. అమ్మ ఆ రాత్రి పుస్తకం తీసి ‘కారు’ పద్దు కింద ఒకటే రాసింది... ‘పది రోజులు ఆగింది. స్టార్టయింది.’